ఇరువదెనిమిది గోలీలు: ప్రశ్నలు - జవాబులు

కొల్లాపురము నుండియు, వనపర్తి గద్వాలల నుండియు ఈ మాసము వచ్చిన ఉత్తరములలో పెక్కు ఒక్క విషయమునే పలుతెరగుల నడుగుచున్నవి. గర్భనిరోధక మాత్రలని గ్రంథములు పలుకు వస్తువును మన పాలమూరు స్త్రీలు గోలీలందురు. ఆ మాట నాకును ఇంపైనదే గావున నేనును అట్లే వ్రాసెదను. ప్రశ్నలను పంపినవారి పలుకుబడిలోనే ఉంచితిని. పేళ్లు మాత్రము తొలగించితిని.

*ప్రశ్న: మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. నాకు 24 ఏండ్లు, బాబుకు పద్నాలుగు నెలలు. ఇంకో బిడ్డ ఇప్పుడే వద్దనుకున్నం. ఆశమ్మ గోలీల పట్టీ ఇచ్చిపోయింది. మా ఆయన హైదరాబాదుల మేస్త్రీ పనికి పోయి పదిహేను దినాలకొకసారి వస్తడు. ఆయన వచ్చినప్పుడు వేసుకుంటే సాలదా? గోలీలు వేడి చేస్తయి, ఒళ్లొస్తది అని మా వదిన అంటున్నది.*

జవాబు: అమ్మా, చాలదు. వలసపోయిన పెనిమిటి వచ్చిన రాత్రి మాత్రమే గోలీ మ్రింగి, నెల తప్పినపిదప "గోలీ పనిచేయలేదు" అని వగచిన ఇల్లాండ్రను నేను పెక్కుమందిని చూచితిని. తలనొప్పి వచ్చిననాడు మ్రింగు గోలీ వంటిది కాదిది. మెదడు క్రింద పీయూష గ్రంథి యను చిన్న గ్రంథి యొకటి కలదు. నెలకొక అండమును సిద్ధపరచి విడువుమని అండాశయమునకు అదియే ఆజ్ఞ పంపుచుండును. మీ పట్టీలోని తెల్ల గోలీ ఒక్కొక్కదానియందు ఈస్ట్రోజెన్ జాతి హార్మోను 30 మైక్రోగ్రాములును, లెవొనార్‌జెస్ట్రెల్ అను ప్రొజెస్టిన్ 150 మైక్రోగ్రాములును ఉన్నవి. ఈ రెండును కలిసి ప్రతిదినము రక్తములో నిలిచియున్నంతకాలము ఆ గ్రంథి ఆజ్ఞ పంపుట మానును, అండము విడుదల కాదు. అదిగాక గర్భాశయ ముఖమునందలి జిగురు చిక్కబడి పురుష బీజములకు దారి నియ్యదు. వరుసగా రెండు మూడు దినములు గోలీ తప్పినచో ఆ గ్రంథి మరల మేల్కొనును. ఆయన హైదరాబాదులో నున్న పదునాలుగు రాత్రులును మీరు మ్రింగిన గోలీలే ఆయన వచ్చిన రాత్రి మిమ్ము కాపాడును.

పట్టీలో తెల్లవి ఇరువదియొకటి, ముదురు రంగువి ఏడు. ముదురు రంగువాటిలో హార్మోను లేదు, ఇనుము మాత్రమే యున్నది. ఆ ఏడు దినములలోనే ముట్టు కనబడును. నిజమునకు అది ముట్టును కాదు. హార్మోను ఆగుటచేత గర్భాశయపు లోపొర ఊడి స్రవించు కొద్దిపాటి రక్తము. తొలి గోలీని రూపొందించినవారు స్త్రీలకు నెలనెల ముట్టు కనబడనిచో బెదరుదురనియు, ప్రకృతిసిద్ధమైనదిగా తోచదనియు తలచి ఈ విరామమును పెట్టిరి. ఆరోగ్యమునకు దీని అవసర మేమియు లేదని ఇప్పటి వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. కాని రక్తహీనత ఇంటింట నున్న మన సీమలో ఆ ఏడు ఇనుప గోలీలను పారవేయుట తెలివి గాదు, మ్రింగుడు.

ముట్టైన మొదటి ఐదు దినములలో తొలి తెల్ల గోలీని ఆరంభింపవలయును. రాత్రి భోజనమైన పిదప, ప్రతిదినము ఒకే వేళ. ఒక దినము మరచినచో గుర్తువచ్చిన వెంటనే దానిని మ్రింగి, ఆనాటి గోలీని దాని వేళకు మ్రింగుడు. రెండును ఒకేనాడైనను దోషము లేదు. రెండు లేక అంతకు మించి తప్పినచో ఒకటి వెంటనే మ్రింగి, వరుసను కొనసాగించుచు, ఏడు దినములపాటు నిరోధ్ కూడ వాడవలయును. ఆ తప్పు తెల్ల గోలీల మూడవ వారములో జరిగినచో ముదురు రంగువాటిని విడిచి నేరుగా క్రొత్త పట్టీని మొదలుపెట్టవలెను. తప్పక మ్రింగినవారిలో ఏడాదికి వేయిమందికి ముగ్గురికి మాత్రము గర్భము నిలుచును. మన ఇండ్లలో మరచుచు, గుర్తుచేసికొనుచు మ్రింగు తీరున నూటికి ఏడుగురికి నిలుచును. ఈ రెండు లెక్కల నడుమనున్న వ్యత్యాసమంతయు మరపు చేసిన పనియే.

ఇక మీ వదిన మాట. వేడి యను మాటకు వైద్యమున సరియైన అర్థము లేదు. కాని ఆమె దేనిని చూచి అట్లనుచున్నదో నేను ఊహింపగలను: మొదటి రెండు మూడు నెలలు వికారము, రొమ్ముల నొప్పి, నడుమనడుమ రక్తపు మరకలు కొందరికి కలుగును, పిదప తగ్గును. ఒళ్లు వచ్చు ననుటకు పరిశోధనలలో బలమైన ఆధారము కనబడలేదు. మీ బాబుకు పద్నాలుగు నెలలు నిండినవి గావున పాలిచ్చుచున్నను భయము లేదు; ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చు తల్లి మాత్రము ఈ గోలీని వాడరాదు.

*ప్రశ్న: మా కోడలు పెండ్లయి ఏడాది. చదువు అయిపోయేదాక పిల్లలు వద్దని గోలీలు మింగుతున్నది. గర్భసంచి ఎండిపోయి గొడ్రాలైతదేమోనని నాకు నిద్ర పడ్తలేదు. (సింగోటం)*

జవాబు: అక్కా, నిద్రపొండు. గర్భసంచి ఎండదు. గోలీ ఆపిన కొలది వారములలోనే అండము విడుదల మరల మొదలగును, కొందరికి మరునెలయే. ఏండ్ల తరబడి వాడి మానినవారికిని, ఎన్నడు వాడనివారికిని ఏడాది గడచునప్పటికి గర్భము నిలుచుటలో చెప్పదగిన భేదము లేదు. చదువుకొను కోడలికి పరీక్షల వేళ గోలీ గుర్తుచేయు అత్త దొరకినచో ఆమె అదృష్టవంతురాలు.

*ప్రశ్న: నేను వనపర్తిలో ఉపాధ్యాయుడను. ఉచితముగా పంచు గోలీలను ఎవరిమీద పరీక్షించిరి? రక్తము గడ్డకట్టుననియు, కాన్సరు వచ్చుననియు చదివితిని. ప్రభుత్వము దాచుచున్నదా?*

జవాబు: నాయనా, మీ ప్రశ్న న్యాయమైనది గావున కొంత విస్తరించి వ్రాసెదను. గోలీ కథ అంతయు ఉజ్జ్వలము గాదు. మార్గరెట్ శాంగర్ అను ఉద్యమకారిణి ప్రేరణమునను, కాథరిన్ మెకార్మిక్ అను సంపన్న స్త్రీ ధనముతోను అమెరికాలో గ్రెగరీ పింకస్, మిన్ చుయే చాంగ్ అను శాస్త్రజ్ఞులును, జాన్ రాక్ అను వైద్యుడును దీనిని సిద్ధపరచిరి. దీనికి మూలద్రవ్యమైన హార్మోనులు మెక్సికో అడవులలోని ఒక దుంపనుండి చౌకగా లభించెను. 1956 లో పెద్దయెత్తు పరీక్షలు అమెరికా నడిబొడ్డున గాక పోర్టోరికో ద్వీపములోని పేదల వాడలలో జరిగెను. గోలీ గర్భము రాకుండ చేయునని ఆ స్త్రీలకు చెప్పిరి గాని, తమపై పరీక్ష జరుగుచున్నదని చెప్పలేదు. అచ్చటి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే నూటికి 17 మందికి తల తిరుగుట, వాంతులు మొదలగు బాధలు కలుగుచున్నవని తెలిపినను లెక్కచేసినవారు లేరు. ఎనోవిడ్ అను ఆ గోలీకి 1957 లో ముట్టు రుగ్మతల నిమిత్తమును, 1960 లో గర్భనిరోధము నిమిత్తమును అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చెను. దానిలో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు, ప్రొజెస్టిన్ దాదాపు 10 మిల్లీగ్రాములు! నేడు మన ఆశ కార్యకర్త సంచిలోని గోలీలో మొదటిది తూకమున అయిదవ వంతు, రెండవది అరువదియవ వంతునకును తక్కువ. అందుచేత తాతలనాటి గోలీ కీడులను నేటి గోలీకి యథాతథముగా అంటగట్టుట అన్యాయము. నేటి గోలీకి కీడే లేదనుటయు అన్యాయమే.

రక్తపు గడ్డల సంగతి నిజము. 1961 లో ఒక ఆంగ్ల వైద్యుడు గోలీ వాడిన స్త్రీ ఊపిరితిత్తులలో గడ్డ ఏర్పడిన వృత్తాంతమును ప్రకటించెను. పిదప బ్రిటనులో 1968 నుండి వేలకొలది స్త్రీలను దశాబ్దములపాటు వెంటాడి చూచిన అధ్యయనములు జరిగెను. నేటి లెక్క యిది: గోలీ వాడని పదివేలమంది యువతులలో ఏడాదికి ఇద్దరికి గడ్డ ఏర్పడిన, లెవొనార్‌జెస్ట్రెల్ గోలీ వాడువారిలో ఐదుగురికో ఏడుగురికో ఏర్పడును. మందుల దుకాణములలో అధిక వెలకు దొరకు కొన్ని క్రొత్త జాతుల గోలీలలో ఇది తొమ్మిది నుండి పండ్రెండు వరకు పెరుగును. ఉచితముగా దొరకు పాత జాతియే ఈ విషయమున మేలైనదని విని మీరు ఆశ్చర్యపడవచ్చును. ఉచితమైనదెల్ల నాసిరకమను మన నమ్మక మిచట తలక్రిందులైనది. గర్భిణికిని, ప్రసవమైన తొలి వారములలో బాలింతకును గడ్డ కట్టు ప్రమాదము గోలీ వలన కలుగుదానికంటె ఎక్కువ. ఒక కాలు మాత్రము వాచి నొప్పిపెట్టుట, అకస్మాత్తుగా ఆయాసము, ఛాతీనొప్పి, చూపు మసకబారుట కలిగినచో గోలీ ఆపి ఆనాడే ఆసుపత్రికి పోవలయును.

కాన్సరు విషయమున లెక్క రెండు వైపుల తూగును. వాడుచున్నంతకాలము రొమ్ము కాన్సరు ప్రమాదము కొంచెము పెరిగి, మానిన పదేండ్లకు సమసిపోవును. ఐదేండ్లకు మించి వాడినచో గర్భాశయ ముఖపు కాన్సరు ప్రమాదమును పెరుగును, అదియు మానిన పిదప తగ్గును. మరియొక వైపున అండాశయ కాన్సరు ప్రతి ఐదేండ్ల వాడుకకు దాదాపు ఐదవ వంతు తగ్గునని 2008 లో నలువదియైదు అధ్యయనములను కలిపి చూచినవారు తేల్చిరి. గర్భాశయపు లోపొర కాన్సరును అట్లే తగ్గును. ఈ రక్షణము గోలీ మానిన ఎన్నో యేండ్లకును నిలిచియుండుట విశేషము.

మనయెడ పరిశోధన జరుగలేదనుకొనవలదు. కడుపునిండ తిను అమెరికా స్త్రీకి ఏర్పరచిన గోలీ జొన్నరొట్టె, పచ్చిపులుసులతో గడుపు కూలి స్త్రీ శరీరమున నేమి చేయునని ప్రశ్నించినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయే. అచ్చటి శాస్త్రజ్ఞురాలు మహతాబ్ బాంజీయు సహచరులును 1975 లో ప్రకటించిన పరిశోధనలో గోలీ వాడు స్త్రీలయందు బి-2, బి-6 విటమినుల స్థితిలో కలుగు మార్పులను చూపిరి. గోలీ వాడు ఇల్లాలికి పాలో, గుడ్డో, పప్పో, పల్లీలో, పుంటికూరయో మరికొంత వడ్డింపుడని నేను చెప్పుచుండుట ఆనాటినుండియే.

మీరు దాచుట గూర్చి యడిగితిరి. 1985 లో మెదకు జిల్లా పటాన్‌చెరువు ఆరోగ్య కేంద్రమున నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందును పేద స్త్రీలపై పరీక్షింపబూనిరి. అది గోలీ కాదు, కాని దాని దాయాది. అది పరీక్ష యని ఆ స్త్రీలకు సరిగా తెలుపలేదని హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన కనుగొని, ఇతర సంఘములతో కూడి 1986 లో సుప్రీం కోర్టున వ్యాజ్యము వేసెను. 2000 లో అది ముగియునాటికి ఆ సూదిమందు సామూహిక వాడుకకు తగదని ప్రభుత్వమే యొప్పుకొనవలసి వచ్చెను. పోర్టోరికోలో దాచినదియు, పటాన్‌చెరువున దాచినదియు ఒక్కటే: మందు గుణము కాదు, మ్రింగువారికి చెప్పవలసిన మాట.

*ప్రశ్న: 38 ఏండ్లు. మగ్గం పని. బీపీ గోలీ వాడుతున్న. తలనొప్పి వచ్చే ముందు కండ్ల ముందర మెరుపు గీతలు కనబడ్తయి. గర్భం రాకుండ గోలీ వాడొచ్చునా? (గద్వాల)*

జవాబు: వాడరాదు. బి.పి. యొక్కటే చాలు వద్దనుటకు. మెరుపు గీతలతో వచ్చు పార్శ్వపు తలనొప్పి మరింత బలమైన కారణము, ఏలయన అట్టివారికి ఈస్ట్రోజెన్ వలన పక్షవాతపు ప్రమాదము పెరుగును. పొగత్రాగు ముప్పదియైదేండ్లు దాటినవారికిని, కాలేయ వ్యాధి యున్నవారికిని, రొమ్ము కాన్సరు వచ్చినవారికిని ఇదే మాట. మీకు కాపర్-టి తగును. పదేండ్లు పనిచేయునది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా వేయుదురు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ వాడువారు సైతము గర్భనిరోధక గోలీని నమ్మరాదు. ఆ మందులు దీని బలమును హరించును.

*ప్రశ్న: సంక్రాంతికి సింగోటం జాతర. సరిగ్గ ఆ దినాలకే ముట్టు వచ్చేటట్టున్నది. మందుల దుకాణం ఆయన ఇచ్చిన గోలీ మంచిదేనా?*

జవాబు: ముట్టును గూర్చి స్వామికి అభ్యంతరమున్నదో లేదో నేను చెప్పజాలను, అభ్యంతరమంతయు మనదేయని మాత్రము నా అనుమానము. దుకాణదారుడు సాధారణముగా ఇచ్చునది నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల గోలీ. ముట్టుకు మూడు దినముల ముందునుండి దినమునకు మూడు చొప్పున మ్రింగుదురు, ఆపిన రెండు మూడు దినములకు ముట్టు వచ్చును. ఇది గర్భము రాకుండ కాపాడు మోతాదు కాదని యెరుగుడు. ఇంత మోతాదున అది కొంత శరీరములో ఈస్ట్రోజెనుగా మారును గావున, గడ్డల వ్యాధి చరిత్ర గలవారు వైద్యుని అడుగకుండ ముట్టరాదు. ముందే ఇరువదెనిమిది గోలీల పట్టీ వాడుచున్నవారికి వేరు మందు అక్కరలేదు: ముదురు రంగువాటిని విడిచి మరునాడే క్రొత్త పట్టీ తెల్ల గోలీని మొదలుపెట్టినచో జాతర గడచిపోవును.

*ప్రశ్న: నాకు 23 ఏండ్లు. ఇద్దరు ఆడపిల్లలు. అందరు ఆపరేషన్ చేసుకో అంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. గోలీలతో నడుస్తదా?*

జవాబు: నడచునమ్మా. మన తెలంగాణమున పిల్లల కనదగు వయసులోని వివాహితలలో నూటికి అరువదిమందికి పైగా శస్త్రచికిత్స చేసికొన్నవారే. గోలీ వాడువారు మిక్కిలి కొద్దిమంది. అనగా మన స్త్రీలు గోలీని పరిచయము చేసికొనకమునుపే కత్తిని పరిచయము చేసికొనుచున్నారు. శస్త్రచికిత్స చెడ్డదనుట లేదు, పెక్కుమందికి అది సుఖముగనే ముగియును. కాని 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నమున ఒకేనాడు ముప్పదినలుగురికి చేసిన శిబిరము పిదప నలుగురు తల్లులు మరణించిన సంగతి మరువదగినది కాదు. అదిగాక ఇరువదిమూడేండ్లకు మూసిన తలుపును మరల తెరచుట కష్టము, ఇద్దరు పిల్లలును చాలునని మీకు నిశ్చయము కలుగలేదని మీ ఉత్తరమే చెప్పుచున్నది.

బి.పి. చూపించుకొనుడు, పై ఉత్తరములలో చెప్పిన అడ్డంకులు లేనిచో గోలీ వాడుడు. ఈస్ట్రోజెన్ సరిపడనిచో ఛాయ అను గోలీ కలదు: లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టినది, హార్మోను కాదు, మొదటి మూడు నెలలు వారమునకు రెండు, తరువాత వారమున కొకటి. నిశ్చయము కుదిరిననాడును ఆపరేషను మీకే జరుగవలెనని లేదు. పురుషునికి చేయునది దానికంటె చిన్నది, కోతయు కుట్టును లేనిది, అతడు ఆనాడే ఇంటికి నడచి రావచ్చును. ఈ పంక్తిని మీ ఆయనకు చదివి వినిపింపుడు. ఎవరైన కాగితము తెచ్చి వ్రేలిముద్ర వేయుమన్నచో తెలుగున చదివించుకొని వినకుండ వేయవలదు. వచ్చు ముట్టు మొదటిదినమున తెల్ల గోలీ మొదలుపెట్టుడు, అంతవరకు నిరోధ్.