పట్టేసిన గ్లో ప్లగ్గు

ప్రశ్న: చలికి మా డీజిల్ జీపు పొద్దున్నే మొరాయిస్తోంది. గ్లో ప్లగ్గులు మార్చబోతే ఒకటి కదలడం లేదు. గట్టిగా తిప్పితే విరుగుతుందని మెకానిక్ భయపడుతున్నాడు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: ఆ భయం సబబే. ప్లగ్గు విరిగితే ఇంజన్ హెడ్ విప్పాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందు ప్లగ్గుల ధర ఏపాటిది!

ప్లగ్గు పైన మరల దగ్గర తుప్పుతో, కింద కొన చుట్టూ గట్టిపడ్డ మసితో పట్టేస్తుంది. ముందురోజు రాత్రే ప్లగ్గు మొదట్లో దుమ్ము ఊదేసి, తుప్పు వదిలించే నూనె పోయించండి. మర్నాడు బండి కాసేపు నడిపి, ఇంజన్ వేడి మీదే విప్పించండి. అల్యూమినియం హెడ్ అయితే ఉక్కు ప్లగ్గు కన్నా ఎక్కువ వ్యాకోచించి పట్టు సడలిస్తుంది.

టార్క్ రెంచ్ తప్పనిసరి. 10 మిల్లీమీటర్ల మర అయితే 35 న్యూటన్ మీటర్లు, 8 అయితే 20 దాటొద్దు. పానాకు గొట్టం తొడిగి లాగడం మన షెడ్లలో మామూలే, ఇక్కడ మాత్రం వద్దు. కాస్త కదిలాక పావు చుట్టు విప్పి, కొంచెం బిగించి, మళ్లీ నూనె వేయాలి. కదలకపోతే ఓ రెండ్రోజులు బండి తిప్పుకుని మళ్లీ చూడండి.

ఊడొచ్చాక రంధ్రంలోని మసిని రీమర్‌తో తీయించండి. రీమర్ గాళ్లకు గ్రీజు రాస్తే మసి దానికే అంటుకుంటుంది, సిలిండర్‌లో పడదు. అన్నట్టు, కొత్త ప్లగ్గును బ్యాటరీకి నేరుగా తగిలించి చూడొద్దు. ఈమధ్య బళ్లలో చాలా ప్లగ్గులు 12 వోల్టులకు కాలిపోతాయి.