విట్‌బీలో ఒకనాడు

తన ఇంటిని తన వెంట తీసుకొని పోగలవాడు యాత్రికులలో అదృష్టవంతుడు. బ్రిటన్‌లో సెలవులు రాగానే అనేక కుటుంబాలు కారు వెనుక కారవాన్‌ను తగిలించుకొని బయలుదేరుతాయి. చక్రాల మీద సాగే ఆ చిన్న ఇంటిలో పడకలు, పొయ్యి, నీటితొట్టి, భోజనపు బల్ల అన్నీ ఇమిడి ఉంటాయి. అటువంటి యాత్రికులు మక్కువతో చేరుకొనే తీరపట్టణాలలో విట్‌బీ ఒకటి.

ఇంగ్లండు ఈశాన్య తీరంలో, ఎస్క్ నది ఉత్తర సముద్రంలో కలిసేచోట ఈ పట్టణం వెలసింది. నదికి ఇరువైపులా ఎత్తైన కొండచరియలు, వాటి నడుమ ఓడరేవు ఉన్నాయి. పాతవీధులు మిక్కిలి ఇరుకైనవి. అందువల్ల యాత్రికులు కారవాన్‌ను ఊరి వెలుపలి విడిదిలో నిలిపి, ఉదయమే తూర్పుకొండ అంచున సాగే కాలిబాట పట్టి నడుస్తారు.

మొదట కనిపించేది పైకప్పు లేని క్రైస్తవ మఠం. 657లో ఇక్కడ వెలసిన తొలి మఠానికి హిల్డా అనే సన్యాసిని అధిపతి. ఆమె ఆదరణలోనే కేడ్మన్ అనే పశులకాపరి కవి అయినాడు. పేరు తెలిసిన ఆంగ్ల కవులలో అతడే ప్రథముడు. నేటి శిథిలాలు తరువాతి కాలపు కట్టడానివి. ఎనిమిదవ హెన్రీ పాలనలో, 1539లో ఆ మఠం మూతపడింది.

అక్కడి నుండి 199 మెట్లు దిగితే పాతపట్టణం. 1746లో జేమ్స్ కుక్ అనే యువకుడు నావికవిద్య నేర్చుకొనుటకు ఇక్కడి ఓడల యజమాని వద్ద చేరినాడు. ఆ యజమాని గృహం నేడు ప్రదర్శనశాల. 1768లో కుక్ పసిఫిక్ యాత్రకు వెళ్లిన ‘ఎండెవర్’ నౌక కూడా విట్‌బీలోనే బొగ్గు రవాణాకై నిర్మితమైనది.

నదిపై వంతెన ఓడ రాగానే పక్కకు తొలగి దారి ఇస్తుంది. దానిని దాటి పడమటికొండ ఎక్కితే తిమింగలపు దవడ ఎముకల తోరణం ఎదురవుతుంది. ఒకప్పటి తిమింగలాల వేటకు అది గుర్తు.

సాయంకాలం కొండపై నుండి చూస్తే ఎర్రపెంకుల ఇళ్లు ముచ్చట గొలుపుతాయి. అయితే వాటిలో అనేకం నేడు యాత్రికులకు అద్దెకిచ్చే విడిదులు. వాటి ధరలు పెరుగగా, రేవును నమ్ముకొని బ్రతికే కుటుంబాల పిల్లలకు సొంత ఊరిలో నీడ కరవైనది. 2022 జూన్‌లో జరిగిన పౌరాభిప్రాయ సేకరణలో పాల్గొన్నవారిలో నూటికి 90 మందికి పైగా, కొత్తగా కట్టే ఇళ్లు శాశ్వత నివాసులకే దక్కాలని కోరినారు. ఆ కోరికకు చట్టబద్ధత లేకపోయినా, అందలి వేదన సత్యం.

కారవాన్ యాత్రికుడు ఊరివారి ఇంటిని కోరడు. చీకటిపడగానే తన చక్రాల ఇంటికి మరలిపోతాడు. అయినా అతడూ అతిథియే. శిథిలాలను, ఓడలను చూచిన కన్నులతోనే అక్కడి మనుషుల బ్రతుకును కూడా చూచినప్పుడు అతని యాత్ర సఫలమవుతుంది.

అర్థాలు
విడిది : బస చేసే చోటు
నీడ : ఆశ్రయం
మక్కువ : ఇష్టం

ప్రశ్నలు
1. విట్‌బీకి, సముద్రయానానికి గల సంబంధాన్ని వివరించండి.
2. విట్‌బీ వాసుల ఇళ్ల సమస్యకు కారణమేమి?
3. ‘అయినా అతడూ అతిథియే’ – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.