గైడు కాసేపు పక్కన పెట్టు

చిరంజీవి అమ్మడికి,

స్టడీ సర్టిఫికెట్ల కోసం రెండు బళ్ల చుట్టూ తిరగాల్సి వచ్చిందనీ, ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివితే ఉద్యోగానికేమిటనీ విసుక్కుంటూ రాశావు. దానికి జవాబు నీ పాలిటీ గైడులోనే ఒక బిట్టుగా ఉండి ఉంటుంది: 371-డి, 32వ సవరణ, 1973. సరైన ఆప్షన్ గుర్తిస్తే మార్కు వస్తుంది. కానీ ఆ అధికరణం వెనక, స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల గొడవ ఉంది. 1969లో తెలంగాణలోనూ, 1972–73లో ఆంధ్రలోనూ చదువులు మానేసి రోడ్లెక్కిన విద్యార్థులున్నారు. ఆరు సూత్రాల పథకం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ తర్వాత వచ్చాయి. ఏ ప్రాంతపు ఉద్యోగాల్లో ఆ ప్రాంతపు పిల్లలకి ఎంత వాటా అన్న పేచీ తీర్చడానికి రాజ్యాంగంలో తెలుగువాళ్ల కోసమే చేర్చిన మాటలవి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక కూడా రెండు రాష్ట్రాలకీ వర్తిస్తున్నాయి. తెలంగాణలో 2018 నాటి ఉత్తర్వు నేరుగా భర్తీ చేసే ఉద్యోగాల్లో స్థానికుల వాటాను 95 శాతం చేసింది. నిన్ను బడి చుట్టూ తిప్పింది హెడ్మాస్టరు కాదు, ఆ అధికరణమే.

గ్రూప్స్‌కి కూర్చున్నవాళ్లంతా రాజ్యాంగం చదువుతున్నామనే అనుకుంటారు. చదివేది రాజ్యాంగం గురించి. ఏ అధికరణం ఏ భాగంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్లు అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో కొల్లలు. అది ఎవరి చెయ్యి పట్టుకుని ఆపుతుందో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు.

రాష్ట్ర విభజన నాటికి నువ్వు చిన్నదానివి. అసెంబ్లీ ఒప్పుకోకపోతే రాష్ట్రం ఎలా విడిపోతుందని ఒకవైపు ధీమా, రెండోవైపు బెంగ. మూడో అధికరణం తెరిస్తే అరపేజీ ఉండదు. రాష్ట్రాలను ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్రపతి బిల్లును ఆ రాష్ట్ర శాసనసభకు పంపి గడువులోగా అభిప్రాయం చెప్పమంటారు. దానికి కట్టుబడి తీరాలని ఎక్కడా లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరి 20 కల్లా పార్లమెంటు ఉభయసభలూ ఆ బిల్లునే ఆమోదించాయి. విభజన మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. ఇరువైపులా ఏళ్ల తరబడి గొంతు చించుకున్న జనానికి ఆ అరపేజీ చదివి వినిపించిన నాయకులు బహు తక్కువ. వాళ్లకు తెలియక మాత్రం కాదు.

రాజ్యాంగం వకీళ్ల వ్యవహారమని సరిపెట్టుకునేవాళ్లకి మహమ్మద్ యాసీన్ సంగతి చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో అప్పటి ముజఫర్‌నగర్ జిల్లా జలాలాబాద్‌కు చెందిన కూరగాయల టోకు వ్యాపారి. ఊరి కమిటీ ఆ వ్యాపారాన్ని ఒక్కడికే గుత్తకిచ్చి మిగతావాళ్ల నోట్లో మట్టి కొట్టింది. యాసీన్ 32వ అధికరణం పట్టుకుని నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి 1952లో గెలిచాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లే.

మనకు ఇంకా దగ్గరిది విశాఖ మన్యం. బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనులను ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిబంధన 1959 నుంచీ ఉంది. 1970లో బిగించాక మన్యంలో అందరూ దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అనే పిలుస్తారు. ఆ కట్టడి మామూలు మనుషులకే గానీ సర్కారుకు కాదన్నది ప్రభుత్వ వాదన. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టుకు వెళ్తే పిటిషన్ కొట్టేశారు. సుప్రీంకోర్టుకు వెళ్తే 1997లో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు సమత వాదనను ఒప్పుకున్నారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే, గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తేల్చారు. దానికి ఆధారం ఐదో షెడ్యూలు. నీ గైడులో అది ఒక్క లైను. బొర్రా దగ్గర కొండ ఎవరి చేతుల్లో ఉండాలో తేల్చింది అదే.

రేపు నువ్వు డిప్యూటీ తహసీల్దారువో మున్సిపల్ కమిషనరువో అయి కుర్చీలో కూర్చుంటావు. అందుకే ఇది కాస్త మనసు పెట్టి చదువు. 2012లో ముంబయి దగ్గర పాల్ఘర్‌లో ఒకమ్మాయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాస్తే, ఇంకో అమ్మాయి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దర్నీ అరెస్టు చేశారు. వాడిన సెక్షన్లలో ఐటీ చట్టంలోని 66-ఎ ఒకటి. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. భావ ప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కథ అక్కడితో అయిపోలేదు. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. 2022 అక్టోబరులో మళ్లీ ఉత్తర్వులివ్వాల్సి వచ్చింది. కేసు పెట్టిన అధికారికి తెలియదు, పెట్టించుకున్న మనిషికీ తెలియదు. ఇద్దరిలో ఒక్కరికి తెలిసినా ఆ కేసు కాగితం స్టేషన్ గడప దాటేది కాదు.

అలాగని పుస్తకం చదివితే చాలు, అన్నీ చక్కబడతాయని నమ్మించడమూ తప్పే. ఎమర్జెన్సీలో, 1976లో, నిర్బంధంలో ఉన్నవాళ్లు విడుదల కోరుతూ హెబియస్ కార్పస్ పిటిషన్లతో కోర్టుకెక్కితే, సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు కుదరదన్నారు. ప్రాణానికీ స్వేచ్ఛకీ హామీ ఇచ్చే 21వ అధికరణం అప్పుడూ పుస్తకంలోనే ఉంది. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా ఒప్పుకోలేదు. మరుసటి ఏడు ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ని దాటి ఆయన జూనియర్‌కు వెళ్లింది. ఆయన రాజీనామా చేశారు. 1978లో 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలోనైనా 20, 21 అధికరణాల అమలును ఆపకూడదంది. ఆ పాత తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో స్వయంగా ఒప్పుకుంది. అక్షరం నిలబడాలంటే దాన్ని అడిగేవాళ్లు ఉండాలి.

రాజ్యాంగాన్ని మొదటి పేజీ నుంచి చదవకు, విసుగొస్తుంది. ప్రాథమిక హక్కులున్న మూడో భాగంతో మొదలుపెట్టు. హక్కు చదివి ఆగిపోకుండా కిందనే ఉండే మినహాయింపులూ చదువు. 19వ అధికరణంలో అసలు పేచీలన్నీ వాటి దగ్గరే. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న 22వ అధికరణాన్ని ఇంట్లో తమ్ముడికీ చెప్పు. తర్వాత గ్రామసభలు, పంచాయతీల భాగం. ఇంగ్లిషు వాక్యాలు చాంతాడంత ఉంటాయి, తెలుగు ప్రతిలో భాష గ్రాంథికం. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాని కష్టం ఇంకొకటి తీరుస్తుంది. కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తీరిక ఉంటే రాజ్యాంగ సభ చర్చలు చూడు. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు అందులో మాట్లాడారు.

పరీక్షలోగా మూడో భాగమొక్కటీ పూర్తి చెయ్యి. ఏది అర్థం కాలేదో అధికరణం సంఖ్యతో సహా రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న