హై-రెజల్యూషన్ ఆడియో: తేడాను ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మరమగ్గాలు, సిరిసిల్ల వైపు మాటలో చెప్పాలంటే సాంచాలు, చాలా ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. పగలంతా సాంచాల మోత విన్న చెవికి సాయంత్రం ఒక మంచి పాట కావాలి. పాటల యాప్‌లేమో ‘24 బిట్, 192 కిలోహెర్ట్జ్’ అంటూ పెద్ద అంకెలు చూపిస్తున్నాయి. ఆ అంకెలకు తగ్గ తేడా చెవికి నిజంగా తెలుస్తుందా? ఈ సంగతిని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అయితే ఒక ఫైలు, వెంటనే ఇంకో ఫైలు పెట్టి ‘ఇదే బాగుంది’ అనుకుంటే తేలదు.

అంకెల వెనుక ఏముంది?

1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ప్రతి కొలతను 16 బిట్లలో రాసుకుంటుంది. ఎన్నిసార్లు కొలిచామన్నదాన్ని బట్టి ఎంత హెచ్చు పౌనఃపున్యం వరకు పట్టుకోగలమో తేలుతుంది. ఎన్ని బిట్లలో రాశామన్నదాన్ని బట్టి అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య ఎంత దూరం ఇమడగలదో తేలుతుంది. 16 బిట్లకు ఆ దూరం దాదాపు 96 డెసిబెల్స్, 24 బిట్లకు సిద్ధాంతం ప్రకారం 144 డెసిబెల్స్.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. కొలతలు ఎక్కువైతే తరంగం మెట్లు మెట్లుగా కాకుండా నునుపుగా వస్తుందని ప్రకటనల్లోని బొమ్మలు నమ్మిస్తాయి. నైక్విస్ట్, షానన్‌ల పేర్లతో పిలిచే శాంప్లింగ్ సిద్ధాంతం అలా చెప్పదు. కొలతల సంఖ్యలో సగం కన్నా తక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వని అంతా ఆ కొలతల నుంచి పూర్తిగా తిరిగి వస్తుంది. అంటే సీడీకి ఆ హద్దు 22.05 కిలోహెర్ట్జ్. ఆరోగ్యవంతమైన లేత చెవి 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది. మధ్యవయసు వచ్చేసరికి చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా వినిపించదు. 192 కిలోహెర్ట్జ్ ఫైలు అదనంగా మోసుకొచ్చేది గబ్బిలాలకు పనికొచ్చే ధ్వని అని చమత్కరించేవారూ ఉన్నారు.

ఆ మోతకు ఖర్చు మాత్రం నిజమే. నాలుగు నిమిషాల స్టీరియో పాట కుదించకుండా ఉంటే సీడీ నాణ్యతలో దాదాపు 42 మెగాబైట్లు, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో దాదాపు 276 మెగాబైట్లు. ఫ్లాక్ పద్ధతి ఏ సమాచారమూ పోకుండా రెండింటినీ కుదిస్తుంది. ఎంపీ3 అలా కాదు. చెవి పట్టించుకోదని అంచనా వేసిన భాగాన్ని తీసిపారేస్తుంది. కాబట్టి తక్కువ బిట్‌రేటు ఎంపీ3కీ సీడీకీ మధ్య తేడా చాలామందికి తేలిగ్గా దొరుకుతుంది. చిక్కంతా సీడీకీ, అంతకు పైవాటికీ మధ్యే.

పోల్చే పద్ధతి

మొదటి షరతు, రెండు ఫైళ్లూ ఒకే మాతృక నుంచి రావాలి. పాత సినిమా పాటను హై-రెజల్యూషన్‌లో మళ్లీ విడుదల చేసేటప్పుడు తరచు స్వరాల సమతుల్యాన్ని, గట్టిదనాన్ని కూడా మారుస్తారు. అప్పుడు వినిపించే తేడా ఇంజనీరు పనితనానిది, ఫార్మాట్‌ది కాదు. అందువల్ల 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి తీసుకుని, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చాలి. దాన్ని తిరిగి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌కు తేవాలి. పోయిన సమాచారం తిరిగి రాదు. కానీ రెండు ఫైళ్లూ బయటికి ఒకేలా ఉంటాయి గనుక, పరికరం రేటు మార్చుకునేటప్పుడు వచ్చే ‘టక్’మనే చప్పుడు జవాబు చెప్పేయదు. ఆ పనిలో ఉండగానే అసలు ఫైలు స్పెక్ట్రోగ్రామ్ కూడా చూడటం మంచిది. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, అది సీడీ రికార్డింగుకే పెద్ద పేరు తగిలించినది కావచ్చు.

రెండోది గట్టిదనం. కాస్త గట్టిగా మోగేదే చెవికి ‘మెరుగ్గా’ తోస్తుంది. రెండు వేర్వేరు పరికరాలను పోలిస్తే వాటి మధ్య తేడా 0.1 డెసిబెల్ లోపు ఉండాలి. స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరుతో ఓల్టేజి కొలిస్తే, ఒక శాతం తేడా దాదాపు అంతే అవుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వినేవారికి ఏది ఏదో తెలియకూడదు. ఏబీఎక్స్ పరీక్షలో ఏ, బీ అనే రెండు ఫైళ్లు, వాటిలో ఏదో ఒకటైన ఎక్స్ ఉంటాయి. ఎక్స్ ఏదో వినేవారు చెప్పాలి. ఫూబార్2000 అనే ప్లేయరుకు ఇందుకు ఉచిత అనుబంధం దొరుకుతుంది. 16 సార్లు ప్రయత్నిస్తే 12 లేక అంతకన్నా ఎక్కువ సరిపోవాలి. గుడ్డిగా ఊహించేవారికి అన్ని సరిపోయే అవకాశం 4 శాతం లోపే. 16కు 9 సరైతే సంబరపడనక్కరలేదు, బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఎన్నిసార్లో ముందే నిర్ణయించుకోవాలి. మార్కులు బాగున్నప్పుడు ఆపేయడం పరీక్ష కాదు.

వినే సాధనమూ చూసుకోవాలి. సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోన్ ధ్వనిని దారిలోనే కుదించేస్తుంది. దాంతో హై-రెజల్యూషన్‌ను పోల్చడంలో అర్థం లేదు, తీగ ఉన్నదే కావాలి.

ఇలాంటి పరీక్షలు పెద్దఎత్తున జరిగాయి. 2007లో మేయర్, మోరన్‌ ప్రచురించిన అమెరికా పరీక్షలో సూపర్ ఆడియో సీడీ, డీవీడీ-ఆడియో ధ్వనిని సీడీ నాణ్యత గుండా పంపి వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో 276 సరయ్యాయి. అంటే సరిగ్గా ఊహకు సమానం. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 18 అధ్యయనాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి చూస్తే 52.3 శాతం సరైన జవాబులు వచ్చాయి. శిక్షణ పొందినవారిలో అది దాదాపు 60 శాతం. తేడా బొత్తిగా లేదనలేం. ఉన్నా, వెతికి పట్టుకోవాల్సినంత చిన్నది.

గది, ఆపైన చెవి

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. వీధి, సీలింగ్ ఫ్యాను, పక్కింటి టీవీ కలిసి గదిలో 45 డెసిబెల్స్ ఉన్నాయనుకుందాం. పాట అత్యంత గట్టిగా 95కు చేరినా మిగిలే దూరం 50 డెసిబెల్సే. సీడీ ఇచ్చే 96లో సగం దగ్గరే ఆగిపోయిన గదికి 144 ఏం చేస్తుంది? ఫ్యాను ఆపి, కిటికీ మూసి వింటే దక్కే లాభం అదనపు 8 బిట్ల కన్నా ఎక్కువ.

సాంచాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. సూరత్‌లో 12 గంటల షిఫ్టులు చేసేవారున్నారు. షిఫ్టు దిగగానే చెవులు మూసుకుపోయినట్టు, గుయ్యిమన్నట్టు ఉండటం తాత్కాలిక వినికిడి తగ్గుదలకు గుర్తు. ఆ రోజు పోల్చే పరీక్ష పెట్టుకుంటే ఫలితం చెల్లదు, కనీసం ఒక రాత్రి విశ్రాంతి కావాలి.

ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆ తగ్గుదల శాశ్వతమవుతుంది. అది సాధారణంగా 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్య, ముఖ్యంగా 4 దగ్గర మొదలవుతుంది. 20 కిలోహెర్ట్జ్ గురించిన వాదనంతా ఇక్కడ పక్కకు పోతుంది. స, శ, చ వంటి హల్లుల స్పష్టతకు ఈ మేరలోని ధ్వనులు చాలా అవసరం. రాగం బాగానే వినిపిస్తుంది, సాహిత్యం మసకబారుతుంది. దాన్ని ఏ ఫైలూ తిరిగి ఇవ్వలేదు. చెవి, ముక్కు, గొంతు విభాగాల్లో చేసే ఆడియోగ్రామ్ పరీక్షలో 4,000 హెర్ట్జ్ దగ్గర పడిన గుంట స్పష్టంగా కనిపిస్తుంది. షెడ్డులో చెవిలో పెట్టుకునే నురుగు ప్లగ్గు ఖరీదు ఏ హై-రెజల్యూషన్ హెడ్‌ఫోన్ కన్నా ఎంతో తక్కువ. సరిగ్గా లోపలికి దూర్చి పెట్టుకుంటే చెవికి చేరే మోత చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.