పాలకే కాదు, కళ్లకూ పరీక్ష కావాలి

మన సంఘాల్లో పరీక్ష చేయకుండా ఒక్క చెంబెడు పాలు కూడా క్యానులో పోయము. వెన్న శాతం చూస్తాం, లాక్టోమీటరు వేస్తాం. పశువులకు గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు వేయిస్తాం. మరి ఆ పాలు పితికే, ఆ కొలతలు చదివే మన కళ్లకు చివరిసారిగా పరీక్ష ఎప్పుడు జరిగింది? "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అని చాలామందిమి అంటాం. అయితే బాగా కనిపించడం వేరు, కళ్లు బాగుండడం వేరు. ఈ నెల పాఠం దాని గురించే.

చత్వారం

నలభై ఏళ్లు దాటాక కంటిలోని కటకం మునుపటి మెత్తదనం కోల్పోతుంది. దగ్గరి వస్తువులు మసకబారుతాయి. సూదిలో దారం ఎక్కదు, పాసుబుక్కు చేయి చాచి పట్టుకుంటే గాని చదవలేం. ఇదే చత్వారం. ఇది జబ్బు కాదు, తగిన అద్దాలతో సరిపోతుంది. కాని అశ్రద్ధ చేస్తే నష్టమే. బ్యుటిరోమీటరుపై ఒక్కొక్క చిన్న గీత 0.1 శాతం. గీత అటూ ఇటూ అయితే నష్టపోయేది ఉత్పత్తిదారో, సంఘమో. మాట పడేది టెస్టరు. యంత్రాలు వచ్చిన చోట కూడా అంకె చదివి రిజిస్టరులో రాయవలసింది మనిషే.

చాలామంది సంతలో అద్దాలు పెట్టి చూసుకుని, అక్షరాలు కనిపించిన జత కొనుక్కుంటారు. అద్దాలు వచ్చాయి గాని, కంటి లోపల ఎలా ఉందో ఎవరూ చూడలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పైకి తెలియని జబ్బులు

పొదుగువాపులో పైకి కనిపించని రకం ఒకటి ఉందని మనకు తెలుసు. పొదుగు వాచదు, పాలు విరగవు, అయినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. పరీక్ష చేస్తేనే అది బయటపడుతుంది. కంటికి నీటికాసులు కూడా అటువంటివే. దీనినే గ్లాకోమా అంటారు. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతిని, ముందు పక్కచూపు పోతుంది. ఎదుటి చూపు చివరిదాకా నిలిచి ఉండడం వల్ల మనిషికి అనుమానం రాదు. గడ్డిమోపుతో వస్తూ గుమ్మానికి తగులుకుంటే, పక్క నుంచి వచ్చే దూడను చూసుకోకపోతే, పరాకు అనుకుంటాం. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. ముందుగా కనిపెడితే చుక్కల మందులతోనో, లేజరుతోనో, ఆపరేషనుతోనో ఉన్న చూపును సాధారణంగా కాపాడుకోవచ్చు. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మధుమేహం ఉన్నవారికి రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఇందులోనూ తొలిదశలో చూపు తగ్గదు. తగ్గిందని తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది.

శుక్లాల సంగతి వేరు. ఆపరేషనుతో చాలామందికి చూపు తిరిగి వస్తుంది. "శుక్లం ముదరనీ" అని ఏళ్ల తరబడి ఆగడం పాతకాలపు మాట. మరీ ముదిరితే ఆపరేషను కష్టమవుతుంది.

పూర్తి పరీక్ష అంటే ఏమిటి?

గోడమీది అక్షరాలు చదివించి అద్దాలు రాయడం పరీక్షలో ఒక భాగం మాత్రమే. పూర్తి పరీక్షలో ఇవి ఉండాలి:

1. ఒక్కొక్క కంటికి విడివిడిగా దూరపు చూపు, దగ్గరి చూపు.
2. కంటిలోని ఒత్తిడి కొలవడం. ఒత్తిడి మామూలుగా ఉన్నా నీటికాసులు రావచ్చు గనుక ఇదొక్కటే చాలదు.
3. కంటి ముందు భాగాన్ని, కటకాన్ని సూక్ష్మదర్శినితో చూడడం.
4. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాను, కంటి నరాన్ని చూడడం. ఆ తరువాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది. ఆ పూట మోటారు సైకిలు నడపరాదు. తోడుగా ఒకరిని తీసుకువెళ్లాలి.

ఎప్పుడు చేయించుకోవాలి?

నలభై ఏళ్లకు ఒకసారి తప్పనిసరి. తరువాత డాక్టరు వేరుగా చెప్పకపోతే రెండేళ్లకోసారి, అరవై దాటితే ఏటా. మధుమేహం ఉన్నవారు ఏ వయసులోనైనా, అది బయటపడిన నాటి నుంచి ఏటా. చూపు హఠాత్తుగా తగ్గినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, మెరుపులు కనిపించినా గడువు చూడక అదే రోజు వెళ్లాలి. ఆకు పసరు పోయరాదు.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు శిబిరాలు మొదలైనప్పుడు మనలో చాలామందిమి చూపించుకున్నాం. అప్పుడు చూపించుకున్నాం కదా అని ఊరుకుంటే చాలదు. నిరుటి పాల పరీక్షతో ఈనాటి పాలకు లెక్క కట్టం కదా!

సంఘాలకు మా సూచన ఒక్కటే. నలభై దాటిన సభ్యుల పేర్లు ఒక పుస్తకంలో రాసి, ప్రతి పేరు ఎదుట పరీక్ష తేదీ వేయండి. అందులో మొదటి వరుస టెస్టరుది, కార్యదర్శిది కావాలి. చీకటితోనే లేచి పాలు పితికే మన ఆడవారి పేర్లు చివరికి నెట్టకండి. తమ కళ్ల సంగతి తామై చెప్పేవారు వారిలో తక్కువ.