నిత్యశిరోవేదన

సుశ్రుతసంహిత యందు శిరోరోగములు 11 విధములుగా చెప్పబడినవి. సూర్యునితో పెరిగి సూర్యునితో తగ్గు సూర్యావర్తము వానిలో నొకటి. ఆదోని పత్తిబజారున ఎండలో తిరుగువారికిని, ఎమ్మిగనూరు మగ్గముల యొద్ద తలవంచి నేయువారికిని తలనొప్పి క్రొత్త కాదు.

నొప్పి వచ్చినపుడెల్ల మాత్ర మ్రింగుట పలువురి అలవాటు. నెలకు 10, 15 దినములు మాత్ర వాడుట మూడు మాసములు మించి సాగినచో ఆ మాత్రయే నిత్యవేదనకు కారణము కావచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నొప్పి వచ్చిన దినములు, నిద్ర, భోజనవేళ, మ్రింగిన మాత్రలు వ్రాసి వైద్యునకు చూపి, వారి సలహాతో తగ్గించుకొనవలెను.

వేళకు భుజింపకుండుటయు, నీరు త్రాగకుండుటయు కొందరికి నొప్పి తెచ్చును. జలము, ఫలము, క్షీరము, ఔషధము వ్రతమును చెరుపవని భారతమున ఉద్యోగపర్వమందు విదురుడు చెప్పెను. ఏకాదశినాడు అట్టివారు వీనిని స్వీకరించుట దోషము కాదు.