రాస్ప్‌బెర్రీ పై దేనికోసం ఎదురుచూస్తోంది?

పొలంలో ఉష్ణోగ్రత, తేమ కొలిచే పెట్టెలో ఒక రాస్ప్‌బెర్రీ పై ఉందనుకుందాం. అక్కడ రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోతుంది. కరెంటు తిరిగొచ్చాక బోర్డు సిద్ధం కావడానికి రెండు నిమిషాలు పడితే, ప్రతిసారీ ఆ రెండు నిమిషాల కొలతలు పోయినట్లే. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే కొత్త మెమొరీ కార్డు కొంటారు. కొన్నిసార్లు అది సరైన మందే. కానీ చాలా సందర్భాల్లో బోర్డు నెమ్మదిగా పనిచేయడం లేదు, పనేమీ చేయకుండా దేనికోసమో ఎదురుచూస్తోంది.

ఈ బోర్డులో స్విచ్ వేయగానే ముందు మేల్కొనేది ప్రధాన ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ భాగం. అది ప్రారంభ ప్రోగ్రామును చదివి లినక్స్ కెర్నల్‌ను మెమొరీలోకి ఎక్కిస్తుంది. 2019లో వచ్చిన పై 4 నుంచి ఈ ప్రోగ్రాము కార్డులో కాకుండా బోర్డు మీది చిప్‌లోనే ఉంటోంది. కెర్నల్ నడక మొదలయ్యాక 'సిస్టమ్‌డీ' అనే ప్రోగ్రాము నెట్‌వర్క్, డిస్కులు, గడియారం వంటి సేవలను లేపుతుంది. అసలు ఆలస్యం ఎక్కువగా ఇక్కడే దాగి ఉంటుంది.

'సిస్టమ్‌డీ-ఎనలైజ్' ఆదేశం ఇస్తే కెర్నల్‌కు ఎన్ని సెకన్లు, సేవలకు ఎన్ని సెకన్లు పట్టాయో తెలుస్తుంది. దానికి 'బ్లేమ్' చేర్చితే ఎక్కువ సమయం తీసుకున్న సేవల జాబితా వస్తుంది. ఆ జాబితాలో పైనున్నదే దోషి అనుకోవడం తొందరపాటు. ఒక పొయ్యి మీద అన్నం అరగంట, మరో పొయ్యి మీద పప్పు ఇరవై నిమిషాలు ఉడికితే వంటకు యాభై నిమిషాలు పట్టదు. పోపు మాత్రం పప్పు ఉడికేదాకా ఆగాలి. ఏది దేనికోసం ఆగిందో చెప్పేది 'క్రిటికల్-చెయిన్'. ముందు చూడాల్సింది అదే.

అందులో సరిగ్గా 90 సెకన్లు కనిపిస్తే అనుమానించాలి. నిజమైన పని అంత గుండ్రని అంకె దగ్గర ముగియడం అరుదు. అది సిస్టమ్‌డీ మామూలుగా ఇచ్చే గడువు. ఎప్పుడో జతచేసి, తర్వాత తీసేసిన పెన్‌డ్రైవ్ పేరు 'ఎఫ్ఎస్‌ట్యాబ్' ఫైలులో మిగిలిపోతే బోర్డు దానికోసం గడువంతా చూస్తుంది. ఆ వరుసలో 'నోఫెయిల్' అనే మాట చేర్చితే చాలు, ఆగడం మానేస్తుంది.

నెట్‌వర్క్ కోసం ఆగే సేవ విషయంలో మాత్రం అంత ధీమా పనికిరాదు. దాన్ని ఆపేస్తే బోర్డు త్వరగా లేస్తుంది, నిజమే. అయితే పై 4 వరకు వచ్చిన మోడళ్లలో కరెంటు లేనప్పుడూ నడిచే గడియారం లేదు. 2023 నాటి పై 5లో ఉన్నా, బ్యాటరీని విడిగా అమర్చుకోవాలి. నెట్‌వర్క్ నుంచి సరైన సమయం అందకముందే కొలతలు మొదలైతే, వాటి మీద పాత సమయం పడుతుంది. తప్పు సమయంతో ఉన్న కొలత అసలు లేని కొలత కంటే ప్రమాదం. కాబట్టి కొలతలు రాసే ప్రోగ్రామును మాత్రం గడియారం సరిపడేదాకా ఆపి, మిగతావాటిని ముందుకు పోనివ్వడం మేలు.

జాబితాలో ఏ ఒక్క సేవా దోషిగా తేలక, అన్నీ కాస్త నెమ్మదిగా ఉంటే కేబుల్‌ను చూడాలి. ఇక్కడ ఓమ్ నియమమే సాక్షి. అడాప్టర్ 5.1 వోల్టులు ఇస్తున్నా, 0.2 ఓమ్‌ల నిరోధమున్న సన్నని కేబుల్‌లో 2 ఆంపియర్లు ప్రవహిస్తే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. బోర్డుకు చేరేది 4.7. సుమారు 4.63 కంటే తగ్గితే తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది, ప్రాసెసర్ వేగమూ తగ్గుతుంది. తెర లేని బోర్డులో 'వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్' ఆదేశానికి సున్నా వస్తే, స్విచ్ వేసినప్పటి నుంచి కరెంటు సరిగానే అందుతోందని అర్థం.

ఇవన్నీ సవ్యంగా ఉంటే అప్పుడు కార్డు వంతు. 'క్లాస్ 10' ముద్ర వరుసగా రాసే వేగానికి, అంటే సెకనుకు 10 మెగాబైట్లకు మాత్రమే హామీ. బూట్ సమయంలో జరిగేది చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను చదవడం. దానికి చూడాల్సినది 'ఏ1' గుర్తు: సెకనుకు కనీసం 1,500 చెదురు పఠనాలు. కొత్త కార్డు వేశాక కూడా, కరెంటు హఠాత్తుగా పోయే చోట ఫైళ్లు దెబ్బతినవచ్చు. సెట్టింగులలో 'ఓవర్‌లే' ఎంచుకుంటే మార్పులు కార్డు మీద కాకుండా మెమొరీలో ఉండి, కరెంటుతోపాటే పోతాయి. అప్పుడు కొలతలను వేరే డ్రైవ్‌లో దాచుకోవాలి, ఆ డ్రైవ్ వరుసలోనూ 'నోఫెయిల్' ఉండాలి.